కుర్చీ వెనక ఖాళీ

గదులకు గొంతు ఉంటుందని నాకు మొదట చెప్పింది పుస్తకం కాదు, నా దగ్గు. కాలికి బలపం కట్టుకుని తిరిగిన రోజుల్లో ఒక లాడ్జి గదిలో దగ్గితే, అది గోడకు తగిలి నాకంటే ముసలిగా, నాకంటే జబ్బుగా తిరిగొచ్చింది. ఆ గది ఖాళీ చేసేదాకా దగ్గు ఆపుకుని బతికాను. తర్వాత ఓడ అడుగున పడుకున్నాను, గోదాముల్లో పడుకున్నాను. ఒక పెద్ద గోపురం కింద ఈ మూల గుసగుసలాడితే ఆ మూలకు వినబడడం చూసి, దాని సంగతేమిటో తెలుసుకుందామని కనిపించిన పుస్తకమల్లా తిరగేశాను. అంత తిరిగీ, అంత చదివీ, ఒక మనిషి తన గదిలో మోగే శబ్దానికి ప్రాణాలు ఉగ్గబట్టుకోవడం నేను చూసింది మాత్రం మా మేడ మీద లైనక్క వాటాలోనే.

ఆమె అసలు పేరు ఉత్తరాలిచ్చే పోస్టుమానుకు తెలుసేమో. వీధికంతటికీ లైనక్క. ఉద్యోగమంతా అత్యవసర ఫోన్ల కంట్రోల్ రూములో చేసింది. ఇల్లంటుకున్నా, గుండె పట్టుకున్నా, దొంగ పడ్డా జనం చేసే నంబరుకు అవతల పలికే గొంతు ఆమెది. మాట్లాడేవాళ్లను పట్టి ఉంచడానికి అనీ అనీ, "లైన్లో ఉండండి" అనే మాట నాలుకకు అతుక్కుపోయింది. గ్యాసు సిలిండరు మోసుకొచ్చినవాడితో డబ్బుల కోసం లోపలికెళ్తూ అదే మాట అందిట. వాడు భుజం మీద బరువుతో, "నేను మెట్ల మీదున్నానమ్మా, తొందరగా రండి" అని మొత్తుకున్నాడు. ఆ పేరు అప్పుడు పడింది.

సన్నగా, నిటారుగా ఉంటుంది. హెడ్‌సెట్ ఏళ్ల తరబడి అదిమినందువల్ల ఎడమ చెవి మీది జుట్టు ఇప్పటికీ గడ్డి మీద బల్ల ఎత్తేశాక మిగిలిన మచ్చలా అణిగే ఉంటుంది. నన్ను అన్నయ్యగారూ అంటుంది. నేను చెల్లెమ్మా అంటాను. మా మధ్య చుట్టరికమల్లా ఒకే ఇంటివాడికి అద్దె కట్టడం.

రిటైరయ్యాక మనుషులకు నిద్ర పెరుగుతుందంటారు. ఆమెకు పోయింది. గది నిశ్శబ్దంగా ఉంటే కూర్చోలేదు, పడుకోలేదు. అందుకని ఎడమ చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఎప్పుడూ ఏదో పాట వింటూ ఉండేది. ఒక చెవి అలవాటు. చివరికి ఆ చెవిలో ఈల మొదలైంది. చెవుల డాక్టరు చూసి, ఇక ఆ చెవిలో పుల్ల కూడా పెట్టొద్దన్నాడు. పెడితే ఉన్న వినికిడి కూడా దక్కదన్నాడు. అప్పటినుంచి ఆమె పగలంతా వచ్చి మెట్ల మీద కూర్చోవడం మొదలుపెట్టింది, వీధి చప్పుడు వినపడుతుందని.

అది ఆమె తమ్ముడు చూశాడు. డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. మంచివాడే. కానీ జీవితమంతా పక్క సీట్లో కూర్చుని బ్రేకు మీద కాలు పెట్టినవాడు కనక, ఎవరు బండి నడుపుతున్నా ఆపేది తనే అనుకుంటాడు. మెట్ల మీద కూర్చుని గోడకు తల ఆనించి కునుకుతున్న అక్కను లేపి, ఈ నెలాఖరుకు అద్దె కాగితం గడువు అయిపోతుంది కదా, మళ్లీ రాయించొద్దు, మా ఇంటికొచ్చెయ్ అన్నాడు. వాళ్లింట్లో ఆమెకు ఇచ్చేది మెట్ల పక్క గది. స్నానానికి వెళ్లేవాళ్లు, బట్టలారేసేవాళ్లు అందరూ అందులోంచే వెళ్లాలి. దానికి తలుపుంది గానీ వేసుకునే వీలు లేదు.

ఇదీ అసలు సంగతి. పుట్టింట్లో నలుగురితో ఒక చాప, కొలువులో నలభై మందితో ఒక హాలు. లోపలి గడియ తన చేతిలో ఉన్న గది ఆమెకు జన్మలో ఇదొక్కటే. ఇందులో ఉండలేకపోతే ఇది పోతుంది. ఉండాలంటే శబ్దం కావాలి. ఆ శబ్దం చెవిలో కాక గదిలో ఉండాలి.

"చెవిలో పెట్టుకోవద్దన్నారు గానీ గదిలో పెట్టుకోవద్దనలేదుగా," అని తమ్ముడే ఒక దారి చూపించాడు. నెలాఖరు దాకా చూద్దామన్నాడు. చూద్దామన్నవాడు ఊరుకోక, పెద్ద షోరూముకు వెళ్లి కంటికి నిండుగా ఉన్నవి చూసి ఒక జత స్పీకర్లు పట్టుకొచ్చాడు. నా ఛాతీ దాకా వచ్చాయి. గదికి అడ్డం కాకుండా చెరో మూలా నిలబెట్టాడు. ఎదుటి గోడకు ఆమె కుర్చీ. మధ్య నేల ఖాళీ. చూడ్డానికి ద్వారపాలకులు కాపలా కాస్తున్నట్టే ఉంది.

ఆ మర్నాటి నుంచి కింద నా వంటగదిలో గ్లాసులు వణకడం మొదలైంది. అదొక్కటైతే ముసలివాడి చాదస్తమని సరిపెట్టుకునేవాణ్ని. పాట మొదలయ్యేది, పైకప్పు మీద పిడికిళ్లతో గుద్దినట్టు దబదబ శబ్దం, ఇంతలో కత్తితో కోసినట్టు నిశ్శబ్దం. ఒక్క పాటా చివరికంటా వెళ్లేది కాదు. ఆ వెంటనే పైన తలుపు తెరుచుకునేది, లైనక్క మెట్ల మీదికొచ్చి కూర్చునేది. నేను టీ తీసుకెళ్తే గ్లాసు రెండు చేతుల్తో పట్టుకునేది.

"పాట బాలేదా చెల్లెమ్మా?"

"పాట బానే ఉందండీ. తలుపే," అంది.

ఏ తలుపని అడిగితే గ్లాసు నా చేతికిచ్చి వీధి వైపు తిరిగింది.

నాకు తెలిసిన స్పీకర్ల కొట్టు ఒకటుంది. పాత టైర్ల కొట్టుకూ కళ్లజోళ్ల కొట్టుకూ మధ్య ఇరుక్కుని ఉంటుంది. కొట్టు యజమానిని పెట్టెలాయన అంటారు. ఆయన స్పీకరును స్పీకరనడు, పెట్టె అంటాడు. గది చూడకుండా అమ్మడు. ఇవి కళ్లతో చూసి కొనే సరుకు కాదనీ, చెప్పుల్లాగా కాలు కొలుచుకుని కొనాలనీ, గదే కాలు అనీ ఎవరొచ్చినా ఒకటే పాఠం చెబుతాడు. ఆ పాఠం వినలేక సగం బేరాలు పక్కనున్న కళ్లజోళ్ల కొట్టుకు పోతాయని ఆయన భార్య దెప్పుతుంది.

ఆయన వచ్చాడు. గది మధ్య నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టాడు. ఆ చప్పుడు రేకు డబ్బాలో గింజల్లా గోడల మధ్య గలగల్లాడింది. కుర్చీలో ఉన్న లైనక్క భుజాలు చెవుల దాకా లేచాయి. ఆయన అది గమనించాడు. మళ్లీ చప్పట్లు కొట్టలేదు.

ఆయన చెప్పినదాన్ని నా మాటల్లో చెబుతాను. గది నలుచదరం, నేల నున్నటి బండలు, గోడలు ఉత్తివి. సన్నటి శబ్దాలు గోడలకు తగిలి ఎగురుతాయి. లావు శబ్దాలు, అంటే డోలూ మద్దెలా లాంటివి, గోడల వెంబడీ మూలల్లోనూ పోగవుతాయి, వానకు జనం గోడవార పోగైనట్టు. ఇక్కడ పెట్టెలా పెద్దవి, నిలబెట్టిందా మూలల్లో, వినే మనిషి వీపా గోడకు. అందువల్ల ఆమె కూర్చున్నది పాట ముందు కాదు, డోలు లోపల.

"పెట్టెలు మార్చొచ్చు. కానీ ముందు ఆ కుర్చీ కదలాలమ్మా," అన్నాడు.

"కుర్చీ కదలదు."

"గోడకంటుకుని బతకడానికి మనమేమన్నా బల్లులమా?"

ఆమె నవ్వలేదు. కుర్చీ చేతుల్ని పట్టుకుంది, ఎవరో లాగేస్తారన్నట్టు.

పెట్టెలాయన ఇంకేమీ అనకుండా పెద్దవాటిని దుప్పటి కప్పి వసారాలోకి మార్పించాడు. వాటి స్థానంలో చిన్నజత తెచ్చాడు, ఒక్కొక్కటి రొట్టెల డబ్బా అంత. కొన్ని పెట్టెలకు వెనక గాలి పోయే కన్నం ఉంటుందిట, అవి గోడ దగ్గర పొంగుతాయిట. వీటికి కన్నం లేదు, అన్ని వైపులా మూసేసినవి. వాటిని మూలల్లోంచి బయటికి లాగి, కూర్చున్న మనిషి చెవి ఎత్తుకు కర్రకాళ్ల మీద నిలబెట్టి, కాస్త లోపలికి తిప్పాడు. నేల మీద మందపాటి జంపఖానా పరిపించాడు. ఒక కిటికీకి బరువైన తెర కట్టించాడు. అప్పుడు జేబులోంచి సుద్దముక్క తీసి, గోడకు బాగా ముందుగా, జంపఖానా అంచు దాటాక బండ మీద ఒక గుర్తు గీశాడు. కుర్చీ ఇక్కడ, మీ ఇష్టం, నెలాఖరు దాకా డబ్బివ్వొద్దు, నచ్చకపోతే తీసుకుపోతాను అన్నాడు.

సుద్దగుర్తు అలాగే ఉంది. కుర్చీ గోడ దగ్గరే ఉంది. ఆమె రోజూ గది ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, ఆ గుర్తు చుట్టూ మాత్రం తుడవకుండా వదిలేసేది. తుడిచెయ్యడానికీ భయమే, దాని మీద కూర్చోవడానికీ భయమే. నా గ్లాసులు మాత్రం వణకడం మానాయి. పాటలు తెగిపోవడం మానలేదు.

నెలాఖరు దగ్గర పడ్డ ఒక మధ్యాహ్నం. ఎండ గుమ్మందాకా వచ్చి ఉంది. నేను లైబ్రరీ నుంచి తెచ్చిన ఒక పుస్తకం మీద కునుకుతున్నాను. వట్టికాళ్లతో ఎవరో మెట్లు దిగిన చప్పుడు. తలెత్తేసరికి లైనక్క నా గుమ్మంలో ఉంది. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. చేతిలో రిమోటు.

"అన్నయ్యగారూ, మా గదిలో ఎవరో ఉన్నారు," అంది గుసగుసగా.

నిజం చెప్పాలంటే నాకూ భయమేసింది. ఎడారుల్లో, అడవుల్లో పడుకున్నవాణ్నే. కానీ అపరిచితమైన చోట భయం వేరు, మన పైకప్పు మీది భయం వేరు. చేతికర్ర తీసుకుని ముందు నేను, వెనక ఆమె, ఎక్కాం. తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఆడగొంతు ఒకటి మెల్లగా పాడుతోంది. కుర్చీ సుద్దగుర్తు మీద ఉంది.

నేను గదిలోకి అడుగుపెట్టి, మంచం కింద చూసి, తెర ఎత్తి చూసి, ఎవరూ లేరని చెబుదామని కుర్చీ ముందు ఆగాను. అప్పుడు వెన్ను జలదరించింది. నా ఎదురుగా, రెండు పెట్టెల మధ్య, ఏమీ లేని ఆ గోడ ముందు, ఒకావిడ నిలబడి పాడుతోంది. పెట్టెల్లోంచి రావడం లేదు గొంతు. పెట్టెలు మూగవాళ్లలా చెరో పక్కా ఉన్నాయి. గొంతు మధ్యలో, మనిషి నోరుండే ఎత్తులో ఉంది. పాడబోయే ముందు ఆవిడ పీల్చిన ఊపిరి కూడా అక్కడే ఉంది. చేయి చాపితే తగులుతుందేమో అనిపించి చాపలేదు.

కిటుకు నాకు తెలుసు. ఒకే గొంతు రెండు పక్కలనుంచీ సమానంగా వచ్చి రెండు చెవులకూ ఒక్కసారి చేరితే, అది ఎదురుగా ఉన్నట్టు మనసు బొమ్మ కట్టేసుకుంటుంది. పుస్తకాల్లో చదివాను. చదివినదేదీ నా వెన్నుకు తెలియలేదు.

సంగతి ఆమెకు చెప్పాను. మెట్ల మీద కూర్చుని విన్నది. గుర్తు మీద ఎందుకు కూర్చున్నావని అడిగితే, తమ్ముడు ఫోన్ చేసి బండి మాట్లాడానన్నాడనీ, ఇక భయపడుతూ కూర్చుంటే గది దక్కదని తెగించాననీ చెప్పింది.

"మా పనిలో గొంతు చెవిలోపల ఉంటుందండీ, తలకాయలో. దానికి మనిషి ఉండడు. ఇన్నేళ్లకి ఒక గొంతు మనిషిలాగా నా ఎదురుగా నిలబడింది. అదొకటి. వెనక చూస్తే ఖాళీ. అదొకటి."

వెనక ఖాళీ అంటే ఆమెకెందుకంత దడో అప్పుడు చెప్పింది. కంట్రోల్ రూములో సూపర్వైజరు చప్పుడు కాకుండా వెనక నిలబడి తన తీగె కూడా కలుపుకుని వినేవాడు. చెవిలో టిక్కుమని చిన్న చప్పుడయ్యేది. వెనక ఎవరో ఉన్నారని అంతటితోనే తెలియాలి. తిరిగి చూడడానికి వీల్లేదు, లైన్లో ప్రాణం ఉంటుంది. ఇంటికొచ్చాక ఏ కుర్చీ అయినా గోడకు ఆనిస్తేనే ఊపిరాడేది.

"మరి తలుపు సంగతేమిటి?" అన్నాను.

రిమోటును పక్కన మెట్టు మీద పెట్టింది.

"ఒకావిడ ఫోన్ చేసింది. లోపల గడియ పెట్టుకుంది. బయట ఎవడో తలుపు బాదుతున్నాడు. అడ్రసు చెప్పింది, బండి పంపాను. లైన్లో ఉండండి అన్నాను. బాదుడు ఆగింది. ఆవిడ మాట్లాడలేదు. లైను మాత్రం తెరిచే ఉంది."

"తర్వాత?"

"తర్వాత ఇంకో ఫోను. ఎవరికో ఫిట్సు. తీసుకున్నాను. మాకు తర్వాత అనేది ఉండదు అన్నయ్యగారూ."

అందుకే పాట అయిపోనిచ్చేది కాదు. డోలు ఆగాక వచ్చే నిశ్శబ్దం ఆ నిశ్శబ్దమే. అది రాకముందే రిమోటు నొక్కేది. ఇయర్‌ఫోన్ రోజుల్లోనూ అంతే. ఒక పాట తోక తెగ్గొట్టి ఇంకో పాట తల అతికించేది. అన్నేళ్లు సంగీతం విన్న మనిషి ఒక్క పాట ముగింపూ వినలేదు.

నేను ఓదార్చే మాటలు వెతికాను. ఇంత చదివి ఏం లాభం, ఒక్కటీ దొరకలేదు. దొరికినవి పుస్తకాలే.

నా పుస్తకాలు అట్టపెట్టెల్లో, తాళ్లు విప్పకుండా, మంచం కింద ఉండేవి. ఎక్కడికెళ్లినా అంతే. విప్పితే ఆ ఊళ్లో పాతుకుపోతానని నా భయం. ఎవరి భయం వాళ్లది. పెట్టెలాయనకు ఫోన్ చేసి, కుర్చీ వెనక గోడకు పుస్తకాల బీరువా పెడితే నీ సంగీతానికేమన్నా నష్టమా అని అడిగాను. నష్టమా, ఎగుడుదిగుడు పుస్తకాలైతే శబ్దాన్ని ముక్కలు చేసి పంపిస్తాయి, గోడ కంటే మేలు, వరసగా సర్దకుండా ఉంటే ఇంకా మేలు అన్నాడు. సర్దకపోవడం నాకు వెన్నతో పెట్టిన విద్య.

తన కొట్లో సామాన్లు పెట్టుకునే తలుపుల్లేని బీరువా ఆయనే తెచ్చాడు. నేను తాళ్లు విప్పాను. బీరువా నిండింది. కుర్చీ ఎక్కడ వెయ్యాలన్న దగ్గర మళ్లీ పేచీ వచ్చింది. ఆయన సుద్దగుర్తు దగ్గర వేస్తే చెయ్యి వెనక్కి చాపినా బీరువా అందడం లేదు. ఆమె కూర్చోలేదు. పెట్టెలాయన నెత్తి గోక్కున్నాడు, గుర్తును కాలితో చెరిపేసి, ఆమెను కూర్చోబెట్టి, చెయ్యి వెనక్కి చాపమన్నాడు. వేళ్ల చివర్లు పుస్తకాలకు తగిలే దాకా కుర్చీని జరుపుతూ పోయి, ఆగినచోట కొత్త గుర్తు గీశాడు. డోలు కాస్త బరువుగా వినిపిస్తుంది, పర్వాలేదు, మనిషి కూర్చుంటేనే కదా పాట అన్నాడు.

నెలాఖరున తమ్ముడు బండితో వచ్చాడు. అట్టపెట్టెలు కూడా తెచ్చుకున్నాడు, సామాను సర్దడానికి. వసారాలో దుప్పటి కప్పుకుని నిలబడ్డ తన స్పీకర్లను చూసి ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

"నేను తెచ్చినవి బయటా, ఈ అగ్గిపెట్టెలు లోపలానా? ఇవేం మోగుతాయక్కా?"

"కూర్చో. ఒక పాట విని తీసుకెళ్లు, అప్పటికీ రమ్మంటే వస్తాను," అంది లైనక్క.

అతను మంచం మీద కూర్చున్నాడు. నేను గుమ్మం దగ్గర. ఆమె కావాలనే డోలున్న పాట పెట్టింది. ఆ సంగతి మా ఇద్దరిలో నాకొక్కడికే తెలుసు. పాడే ఆవిడ గొంతు మళ్లీ గోడ ముందు నిలబడింది. తమ్ముడు ఉలిక్కిపడి మధ్యలోకి చూసి, పెట్టెల వంక చూసి, మళ్లీ మధ్యలోకి చూశాడు. డోలు మొదలైంది, దగ్గరగా, పెద్దగా. లైనక్క పై పెదవి మీద చెమట పట్టింది. బొటనవేలు రిమోటు మీద ఉంది. పాట ఎత్తుకు ఎక్కి, చివరి దెబ్బలకు వచ్చింది. ఆ వేలు నొక్కుతుందనే అనుకున్నాను. నొక్కితే బండి ఖాళీగా వెనక్కి పోదు.

డోలు ఆగింది. గొంతూ ఆగింది.

నిశ్శబ్దం. తమ్ముడు ఏదో అనబోతే ఆమె చూపుడువేలు ఎత్తింది, ఉద్యోగంలో పక్కవాళ్లను ఆపినట్టు. అతను నోరు మూసుకున్నాడు. ఆమె కళ్లు ఆ ఖాళీ గోడ మీదే ఉన్నాయి. ఊపిరి తీస్తోందో లేదో నాకు తెలియలేదు. రెండో చెయ్యి మెల్లగా కుర్చీ వెనక్కి వెళ్లింది. వేళ్లు తడుముకుని ఒక లావుపాటి పుస్తకం వీపును పట్టుకున్నాయి. వీధిలో సైకిలు గంట మోగింది. ఫ్రిజ్ గురగురలాడి ఆగింది. నాకు దగ్గొచ్చింది. ఆపుకోలేకపోయాను. అది ఆ గదిలో తిరిగిరాలేదు, పుస్తకాల్లోకి పోయింది.

"అయిపోయింది," అంది లైనక్క. ఎవరితో అన్నదో తెలియదు. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. "ఇప్పుడు చెప్పు."

అతను లేచి, తెచ్చిన అట్టపెట్టెల్ని మడిచి చంకన పెట్టుకున్నాడు. సాయంత్రం ఇంటివాడి దగ్గరికి తనే తీసుకెళ్లి అద్దె కాగితం రాయించాడు. పెద్ద స్పీకర్లు బండిలో ఎక్కించుకుని డ్రైవింగ్ స్కూలుకు పట్టుకెళ్లాడు. అక్కడ ఆరుబయట మైదానంలో అవి బ్రహ్మాండంగా మోగుతున్నాయిట.

భయం పోయిందని నేను రాయను. ఇప్పటికీ ఒక్కోసారి పైన పాట మధ్యలో తెగుతుంది. ఆమె మెట్ల మీదికొచ్చి కూర్చుంటుంది. మళ్లీ లేచి వెళ్లి అదే పాట మొదటినుంచి పెడుతుంది. చివర్న వచ్చే నిశ్శబ్దాన్ని నేనూ కింద కూర్చుని వింటాను.

నాకు మాత్రం కొత్త చిక్కొచ్చి పడింది. మొన్న చదవాలనిపించి ఒక పుస్తకం కోసం పైకెళ్లాను. బీరువాలోంచి తియ్యబోతే లైనక్క అడ్డం వచ్చింది.

"అది తియ్యకండి అన్నయ్యగారూ. అక్కడ ఖాళీ తెలుస్తుంది."

ఆమె కుర్చీ పక్కనే నిలబడి, వరసలోంచి పుస్తకం పూర్తిగా ఊడదియ్యకుండా, సగం మాత్రం బయటికి లాగి, రెండు పేజీలు వంచి చదువుకుని దిగొచ్చాను.